రుచి చూడటం తినడం కాదు

నేను పెద్దగా ఏమీ తినను. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, మా ఆయన నలుగురిలో చెప్పుకుని బాధపడే మాట. పొద్దున ఒక రొట్టెముక్క, మధ్యాహ్నం వద్దు, సాయంత్రం ఆకలి లేదు. ఇంత తక్కువ తినే మనిషి అంత ఒళ్ళు ఎలా చేసిందా అని మా బస్సు డిపోలో డ్రైవర్లు తెగ ఆశ్చర్యపోయేవాళ్ళు. నా ఎదురుగా మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు. ఆ డిపో క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళుగా పెద్ద వంటమనిషిని నేను. రోజూ మూడు వందల మంది నా గరిటె కింద ప్లేటు పట్టుకుని నిలబడాలి. నాతో పెట్టుకున్నవాడికి సూపులో ముక్క పడదు, తేట పడుతుంది. అందరూ నన్ను గరిటెమ్మ అంటారు. ఆ పేరు నాకూ నచ్చింది.

ఈ గొడవంతా నేను బంగాళాదుంపల మీద కూర్చోవడంతో మొదలైంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలకి ఉడకబెట్టిన దుంపలు పెద్ద ట్రేలో పోసి, పైన మూత పెట్టి, పొయ్యి వెనక పొట్టి బల్ల మీద ఉంచాను. సూపు కలుపుతున్నాను. ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మాయి. గరిటె చేతిలోంచి జారి గుండిగలో మునిగిపోయింది. కూలబడదామంటే కుర్చీ లేదు, వెనక ట్రే ఉంది. దబ్బున దాని మీదే కూర్చున్నాను. మూత ఉంది కాబట్టి శుభ్రానికి లోటు రాలేదు గానీ, మూత కింద రెండు వందల దుంపలు ఒక్క దెబ్బకి పిప్పి అయిపోయాయి. వేపుడు కావలసింది ముద్దకూర అయింది. డ్రైవర్లు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. అందరిలోకీ పెద్ద డ్రైవరు, పెద్ద గొంతువాడు, హారన్ బాబాయ్ అయితే వారానికోసారి ఇలా కూర్చోమని నాకు సలహా కూడా ఇచ్చాడు.

నన్ను రెక్క పట్టుకుని డిపో వెనక ఉన్న రెండు గదుల క్లినిక్కుకి నడిపించింది మా వదిన. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు, క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే ఆవిడ, పదేళ్ళుగా అలా పిలుస్తున్నాను. రోజుకి ఇరవై కిలోల ఉల్లిపాయలు ఆవిడ చేతిమీదుగా వెళతాయి కాబట్టి కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. క్లినిక్కులో ఆవిడ వాలకం చూసి జబ్బు ఆవిడకే అనుకుని డాక్టరమ్మ ముందు ఆవిడ చేతికే బీపీ పట్టీ చుట్టింది.

తర్వాత నా చేతికి చుట్టింది. పైది నూట డెబ్భై, కిందది నూట నాలుగు. డాక్టరమ్మ మొహం చిట్లించి రక్తం కూడా తీయించింది. మూడోరోజు ఆ కాగితం వచ్చింది. థైరాయిడ్ అంకె ఐదు లోపు ఉండాలిట, నాది పద్నాలుగు. గొంతులో ఉండే గ్రంథి చేయాల్సిన పని సగమే చేస్తోందని, నీరసం, ఒళ్ళు బరువు, ఎండాకాలంలో కూడా చలి, అన్నీ దానివల్లేనని చెప్పింది. ఈ డిపోలో సగం మంది సగం పనే చేస్తున్నారు, వాళ్ళకెవరూ మాత్రలు ఇవ్వరేం అని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

కాగితం మీద వరసగా రాసిచ్చింది. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ తర్వాత గంటసేపు నోట్లో ఏమీ పడకూడదు. పాలు, కాఫీ అసలే పడకూడదు. బీపీ మాత్ర టిఫిన్ అయ్యాక. ఉప్పు తగ్గించాలి, రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాకి మించకూడదు, అదీ అయోడిన్ కలిపిందే. వేపుళ్ళు, పొట్లాల్లో వచ్చే కరకరలు బంద్. కూరగాయలు, పళ్ళు, బీన్స్, గుడ్లు బాగా తినాలి. థైరాయిడ్ ఉన్నవాళ్ళు క్యాబేజీ ముట్టుకోకూడదట కదా అని వదిన కళ్ళు తుడుచుకుంటూ అడిగితే, ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదంది. వినడానికి అంతా బాగానే ఉంది. చివర రాసిందే బాగాలేదు. మూడు నెలలు చూస్తుందట. ఈలోగా పైది నూట నలభై లోపు, కిందది తొంభై లోపు రాకపోతే నేను పొయ్యి దగ్గర నిలబడటానికి వీల్లేదట. నన్ను ప్లేట్ల కిటికీకి మారుస్తారట.

ప్లేట్ల కిటికీ అంటే మీకు తెలీదు. క్యాంటీన్ చివర గోడకి ఒక కన్నం. తిన్నవాళ్ళు ఎంగిలి ప్లేటు అందులోంచి లోపలికి తోస్తారు. ఇవతల స్టూలు మీద కూర్చున్న మనిషి దాన్ని అందుకుని తొట్టిలో వేయాలి. అంతే పని. మొహం కూడా కనిపించదు, చేతులే కనిపిస్తాయి. నిద్ర లేచింది మొదలు మూడు వందల మంది ఆకలిని ఆ గరిటెతో ఆడించినదాన్ని, నేను ఆ కన్నం ముందు కూర్చోవాలా? ఎవరితోనూ అనలేదు గానీ చాలా భయపడ్డాను. గరిటె పోతే నేనెవరో నాకే తెలీదు.

ఇంటికొచ్చి కాగితం మా ఆయన చేతికిచ్చాను. ఆయన తాళాలు బాగుచేస్తాడు. వీధి మలుపులో బీరువా అంత కొట్టు, లోపల తీగలకి వేలాడే వెయ్యి తాళంచెవులు, వాటి మధ్య ఆయన. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. కాగితం రెండుసార్లు చదివాడు. వంటగదిలోకి వెళ్ళి ఉప్పు సీసా తీశాడు, లోపల ఉప్పు ఎంతవరకు ఉందో సీసా మీద పెన్సిలుతో గీత గీశాడు, దాన్ని ఒక ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

డాక్టరమ్మ తగ్గించమంది గానీ మానేయమనలేదయ్యా అన్నాను.

"తాళం అయితే వేసి ఉంటుంది, లేకపోతే తీసి ఉంటుంది. సగం వేసిన తాళం నేను ఇంతవరకు చూడలేదు" అన్నాడు ఆయన.

అంతటితో ఊరుకోలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో వంట తనే చేస్తానన్నాడు. నేను క్యాంటీన్‌లో చేసి చేసి అలిసిపోయి వస్తాను కదా అని సాకు చెప్పాడు గానీ, నా చేతిమీద నమ్మకం లేకే. వంట ఆయనకి ఏమొచ్చని? బీన్స్ ఉడకబెట్టి నీళ్ళతో సహా పెట్టాడు. క్యారెట్లు ఉడకబెట్టాడు. గుమ్మడికాయ ఉడకబెట్టాడు. కాగితంలో పళ్ళు అని ఉంది కదా అని ఒకరోజు ఆపిల్ కూడా ఉడకబెట్టాడు. ఏదీ ఉప్పు మొహం ఎరగదు. రెండు ముద్దలు తిని ఆకలి లేదని లేచేదాన్ని. నాకు అదేమంత కష్టం కాలేదు, ఇంట్లో నాకు ఏనాడూ ఆకలి లేదు. ఆయన మాత్రం ఎదురుగా కూర్చుని ప్లేటు ఖాళీ అయ్యేదాకా నమిలేవాడు. ఈ మనిషి ఇది ఎలా తింటున్నాడా అని గమనించి గమనించి, బయట ఎక్కడో సుబ్బరంగా తినేసి వచ్చి నా ముందు నాటకాలాడుతున్నాడని ఖాయం చేసుకున్నాను.

నెల తిరిగింది. మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు. అయిదింటికి లేవగానే మంచినీళ్ళతో మింగి, ఇరవై నిమిషాల్లో క్యాంటీన్‌కి వెళ్ళి, ఎనిమిది దాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా వంట చేశాను. అంత నిష్ఠగా ఉన్నాక అంకెలు దిగిరాక చస్తాయా అనుకుని క్లినిక్కుకి వెళ్ళాను. బీపీ ఎక్కడిదక్కడే ఉంది. థైరాయిడ్ పద్నాలుగు కాస్తా పంతొమ్మిది అయింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ గంటలో ఏమైనా తింటున్నారా అని అడిగింది. ఒట్టు, ఏమీ తినడం లేదన్నాను. కాఫీ? ముట్టను. పాలు? చూడను. ఇంట్లో ఉప్పు? ఇనప్పెట్టెలో ఉంది. మాత్ర మోతాదు పెంచి పంపింది.

మా ఆయన ఆ అంకెలు చూసి, నా జబ్బుకి కాదు, తన తాళానికి బాధపడ్డాడు. ఇంట్లో ఉప్పు బయటికి రాకుండా బీపీ తగ్గకపోవడమేమిటి, ఎవరో తాళం తీస్తున్నారు అని తేల్చాడు. ఎవరో అంటే ఇంట్లో ఉన్నది ఇద్దరమే. తెరిచి గీత చూసుకోవయ్యా అంటే పెట్టె తెరవనే తెరవనన్నాడు. రెండో తాళం వేశాడు. నా తలపిన్నులన్నీ లాక్కున్నాడు. వాటితో చిన్న తాళాలు తీయొచ్చట. క్యాంటీన్‌లో పార్సిళ్ళు కట్టే పురికొస తెచ్చుకుని జుట్టు ముడేసుకున్నాను. ఒకరోజు పెట్టె మీద పిండి చల్లి పడుకున్నాడు, వేలిముద్రలు పడతాయని. తెల్లారి చూస్తే దాని మీద ఎలుక కాళ్ళ గుర్తులున్నాయి. ఎలుకకి తాళం తీయడం వచ్చేమో, పోయి దాన్ని నిలదీయవయ్యా అన్నాను. దులుపుతున్న పిండి మొహాన పడి మనిషి తెల్లగా అయ్యాడు గానీ పట్టు వదల్లేదు. మూడో తాళం వేశాడు. నలభై ఏళ్ళ కాపురంలో దొంగ అనిపించుకోవడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంట్లో ఇలా ఉంటే డిపోలో ఇంకోటి మొదలైంది. బస్సులు ఆలస్యంగా వస్తున్నాయి. ఒకటీ అరా కాదు, మధ్యాహ్నం భోజనాల తర్వాత బయల్దేరేవన్నీ పావుగంట, అరగంట ఆలస్యం. మేనేజరు గారు సిగ్నళ్ళవాళ్ళకి ఉత్తరం రాశాడు, రోడ్లు తవ్వేవాళ్ళకి ఉత్తరం రాశాడు, డిపోలో కొత్త గోడగడియారం పెట్టించాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి డ్రైవర్లందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడిగితే హారన్ బాబాయ్ లేచి, గరిటెమ్మ సూపు తాగితే చెంబెడు నీళ్ళు తాగాలి, చెంబెడు నీళ్ళు తాగితే దారిలో మూడుచోట్ల బస్సు ఆపాలి, ఆపితే ఆలస్యం కాదా అన్నాడు. అందరూ ఒకేసారి తలలూపారు. ఒకప్పుడు రోజుకి నాలుగు డ్రమ్ముల నీళ్ళు అయ్యేవి, ఇప్పుడు ఏడు అవుతున్నాయని నీళ్ళు పోసేవాడు కూడా వంత పాడాడు.

నాకు తిక్క రేగింది. నా చేతి ఉప్పుకి వంక పెట్టినవాడు ఈ ఇరవై రెండేళ్ళలో లేడు. మర్నాడు హారన్ బాబాయ్‌కి తేటే పోశాను. వదిన మెల్లగా దగ్గరికొచ్చి, ఈమధ్య ఉప్పు కాస్త ఎక్కువే పడుతోంది వదినా అంది. నిత్యం ఉల్లిపాయ వాసన పీల్చే ముక్కుకి రుచేం తెలుస్తుందని కసిరాను. ఆవిడ కళ్ళు కారాయి. ఉల్లిపాయకేలే అనుకున్నాను. అది ఉల్లిపాయకి కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ నీళ్ళ సంగతి డాక్టరమ్మ చెవిన పడింది. నాకిచ్చిన మూడు నెలల్లో సగం గడిచిపోయింది, ఇంకో ఆరు వారాలున్నాయి. ఒకరోజు పొద్దున్నే అయిదున్నరకి చెప్పాపెట్టకుండా క్యాంటీన్‌లోకి వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చుంది. మీ పని మీరు చేసుకోండి, నేను ఊరికే చూస్తాను అంది. చూడనీ, నాకేం భయం అనుకున్నాను. పాలు పోసిన జావ ఉడుకుతోంది. గరిటెతో కాస్త తీసి అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు చాల్లేదు. వేశాను. మళ్ళీ నాకాను. పక్క గుండిగలో సూపు. కాస్త తీసి చూశాను. మిరియాలు వేశాను. చూశాను. గుడ్ల కూర. ముక్క ఉడికిందో లేదో చూశాను. మళ్ళీ జావ దగ్గరికి వచ్చాను.

"ఏమిటమ్మా మీరు చేస్తున్నది?" అంది డాక్టరమ్మ.

"వంట."

"నోట్లో వేసుకుంటున్నారు కదా."

"రుచి చూస్తున్నానండీ. రుచి చూడటం తినడం కాదు" అన్నాను. ఈమాత్రం తెలీకుండా డాక్టరెలా అయిందో అనుకున్నాను కూడా.

మీరు నవ్వుతున్నారేమో. వంట చేసేవాళ్ళని ఎవర్నైనా అడగండి. రుచి చూసింది లెక్కలోకి రాదు. అది పని. బస్సు నడిపేవాడు షికారుకి వెళ్ళాడంటామా? మా అమ్మ అంతే, మా అమ్మమ్మ అంతే. వంటింట్లో గరిటె నాకితే అది తిన్నట్టు కాదని నాకు పళ్ళు రాకముందు నుంచీ తెలుసు. అందుకే ఒట్టేసి మరీ చెప్పాను, ఏమీ తినడం లేదని. అబద్ధం ఆడలేదు.

డాక్టరమ్మ నాతో వాదించలేదు. వదినని పిలిచి చిన్న ఖాళీ బేసిన్ తెమ్మంది. ఈ ఒక్కరోజు నేను ఏదీ నోట్లో పెట్టకూడదట. రుచి చూడాలనిపించినప్పుడల్లా ఎంత తీస్తానో అంతా ఆ బేసిన్‌లో పోయాలట. నా బదులు వదిన ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉప్పు సంగతి చెబుతుందట. ఓస్, ఇంతేనా అన్నాను.

ఇంతే కాదని పావుగంటలో తెలిసింది. నా చెయ్యి నా మాట వినడం మానేసింది. బేసిన్ వైపు వెళ్ళాల్సింది తిరిగి తిరిగి నోటి దగ్గరికే వస్తోంది. చివరికి వదిన నా మూతికి అడ్డంగా గుడ్డ కట్టింది. ఆరింటికి టిఫినుకి వచ్చిన మొదటి డ్రైవరు నన్ను ఆ గుడ్డతో, చేతిలో గరిటెతో చూసి, క్యాంటీన్‌లో దొంగలు పడ్డారని వెనక్కి పరిగెత్తాడు. వదినతో ఇంకో తంటా. ఉప్పు సరిపోయిందా అని అడుగుతాను, ఆవిడ సూపు నాలిక మీద వేసుకుంటుంది, కళ్ళమ్మట నీళ్ళు జారతాయి. అంత దరిద్రంగా ఉందా అంటాను. బాగుంది వదినా, ఉల్లిపాయలు అంటుంది ఆవిడ.

మధ్యాహ్నం రెండింటికి భోజనాలు అయిపోయాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. బేసిన్ నిండింది. నిండి, రెండోది తెచ్చుకోవలసి వచ్చింది. కూరగాయల కాటా మీద పెట్టించింది. బేసిన్ల బరువు తీసేయగా రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. జావ, సూపు, గుడ్ల కూర, బీన్స్, క్యాబేజీ, దుంపలు, అన్నీ కలిసిపోయి ఆ బేసిన్లలో కూర్చుని ఉన్నాయి. ఇద్దరు డ్రైవర్లు కడుపునిండా తినేంత. నేను రోజూ ఏమీ తినకుండా తింటున్నది అది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మాత్ర వేసుకున్న అరగంటలోపే పాల జావ లోపలికి పోతే ఆ మాత్ర ఒంటికి పట్టదు అని చెప్పింది. ఉప్పంతా ఇక్కడ మింగుతూ ఇంట్లో సీసాకి తాళం వేస్తే బీపీ తగ్గదు అని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. థైరాయిడ్ మందగిస్తే కొందరికి నాలిక కూడా మందగిస్తుందట. ఉప్పు వేసినా వేయనట్టే ఉంటుందట. ఇంకా వేస్తారట.

"అయితే బస్సులు ఆలస్యం చేసింది నేనేనా?" అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై రెండేళ్ళు దేన్ని చూసుకుని మిడిసిపడ్డానో ఆ నాలికే నన్ను మోసం చేసింది. వదిన పక్కన కూర్చుని నాలుగు ఉల్లిపాయలు తరిగాను. కళ్ళమ్మట నీళ్ళు ఎందుకొచ్చాయో ఎవరూ అడగలేదు.

ఇంటికి బయల్దేరాక ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది. కాళ్ళు తేలిపోతున్నాయి, పొట్టలో ఏదో గీరుతోంది. కొత్త జబ్బేమో అని హడలిపోయాను. వీధి మలుపు తిరిగేసరికి అర్థమైంది. కొట్టు ముందు ఆగి మా ఆయన్ని పిలిచాను.

"ఏమయ్యా, ఆకలేస్తోంది. ఇంటికొచ్చి ఏదైనా పెట్టు."

ఆయన చేతిలోని తాళం జారి కింద పడింది. పెళ్ళైన నలభై ఏళ్ళలో ఆ మాట నా నోట వినడం ఆయనకి అదే మొదటిసారి. పట్టపగలు కొట్టు మూసేసి నా వెంట వచ్చాడు. ఉడకబెట్టిన బీన్స్, గుమ్మడికాయ పెట్టాడు. ఉప్పు లేదు, కారం లేదు, ఏమీ లేదు. రెండు ప్లేట్లు తిన్నాను. ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. తినడం అయ్యాక బేసిన్ సంగతి మొత్తం చెప్పాను. నీ తాళం ఎవరూ తీయలేదయ్యా, తీయకుండానే నేను రోజూ గుండిగలకి గుండిగలు రుచి చూశాను అన్నాను. ఆయన మొహంలో మొదట కనిపించింది కోపం కాదు, ఊరట. తాళం పరువు దక్కింది కదా.

ఇక ఆ పెట్టె తెరువు, మనిషికి చిన్న చెంచాడు వరకు తినొచ్చని డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది అన్నాను. మూడో తాళానికి చెవి లేదట. వేసిన రోజే దాన్ని మురిక్కాలవలో పారేశాడట. ఎందుకు పారేశావంటే చెప్పడు. తన తాళాన్ని తనే తీయడానికి కమ్మీలు, ఆకురాయి, సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. గంటన్నర పట్టింది. చెమటలు కారుతుంటే ఎంత గట్టి తాళమో చూశావా అని మధ్యమధ్యలో మురిసిపోయాడు కూడా.

పెట్టె తెరుచుకుంది. సీసా బయటికి తీశాను. ఉప్పు చెమ్మ పట్టి రాయిలా గడ్డకట్టింది. సరిగ్గా పెన్సిలు గీత దగ్గర ఉంది. ఒక్క రవ్వ తగ్గలేదు. నేను బయట తింటున్నాడని అనుమానించిన మనిషి, బీపీ లేనివాడు, థైరాయిడ్ లేనివాడు, ఆరు వారాలుగా నాతో పాటు ఆ గడ్డి తిన్నాడు.

"బయట కూడా తినలేదా?" అన్నాను.

"లేదు."

"నీకేం రోగమయ్యా?"

"నీకు ఉప్పు లేకుండా పెట్టి, నీ ఎదురుగా నేను ఎలా వేసుకుంటాను? చెవి దగ్గరుంటే తీసేస్తానేమోనని భయమేసింది. అందుకే పారేశాను" అన్నాడు.

సీసాలోంచి చిన్న గడ్డ చిదిపి, ఆయన ప్లేటులో మిగిలిన బీన్స్ మీద చల్లాను. ఆయన ఒక ముద్ద తిన్నాడు. అబ్బ, ఉప్పగా ఉంది అని మొహం అష్టవంకరలు తిప్పి ప్లేటు పక్కకి తోశాడు.

ఆ తర్వాత ఆరు వారాలు మూతికి గుడ్డ కట్టుకునే వండాను. ఉప్పు చేత్తో వేయడం మానేసి కాటా మీద తూచి వేశాను. రుచి వదిన చూసేది. మొదటి వారం డ్రైవర్లు సూపు చప్పగా ఉందని గొణిగారు. రెండో వారం గొణుగుడు తగ్గింది. మూడో వారం బస్సులు వేళకి రావడం మొదలుపెట్టాయి. అది తన గోడగడియారం గొప్పతనమని మేనేజరు గారు నోటీసు అంటించాడు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మా ఆయనతో కలిసి కూర్చుని తినడం అలవాటైంది. ఆయన కూరలకి నేను కాసిన్ని మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం నేర్పాను. ఆపిల్ ఉడకబెట్టడం మాన్పించాను.

మూడు నెలలూ నిండిన రోజున ఆయన కొట్టు మూసి నాతో క్లినిక్కుకి వచ్చాడు. గుమ్మంలో మేనేజరు గారు ఎదురై, ప్లేట్ల కిటికీ దగ్గర స్టూలుకి మీకోసం కొత్త రంగు వేయించానమ్మా అన్నాడు. మర్యాదకే అన్నాడేమో గానీ నాకు రక్తం సలసల కాగింది. కాగిన రక్తంతోనే వెళ్ళి కూర్చున్నాను. నూట యాభై రెండు చూపించింది. నా పని అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది. పుట్టాక నేను చేసిన అతి కష్టమైన పని అదే. మా ఆయన పక్కన కూర్చుని, జేబులోంచి ఒక పాత తాళం తీసి నా చేతిలో పెట్టాడు. వేస్తూ తీస్తూ కూర్చున్నాను. మళ్ళీ పట్టీ చుట్టింది. నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు. థైరాయిడ్ పంతొమ్మిది నుంచి ఆరుకి దిగింది. ఇంకొంచెం దిగుతుంది, మాత్ర మానొద్దు అంది. కాగితం మీద రాసిచ్చింది. పొయ్యి దగ్గర పని చేయవచ్చు. వంటకాలు రుచి చూడరాదు.

ఆ కాగితం పట్టుకుని సరాసరి క్యాంటీన్‌కి వచ్చాను. సూపు కుతకుతలాడుతోంది. నా గరిటె నా చేతికి వచ్చింది. మా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పుడు తట్టింది, ఇరవై రెండేళ్ళలో ఈ మనిషి నా క్యాంటీన్ వంట ఒక్కసారి కూడా తినలేదు. ఊరంతా తిన్నారు, ఈయన తప్ప. నేను ఎప్పుడూ తేలేదు, ఆయన ఎప్పుడూ అడగలేదు. గరిటెతో కాస్త సూపు తీసి, ఊది, ఆయన ముందుకి పట్టాను. ఆయన నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. వదిన కత్తి ఆపింది. హారన్ బాబాయ్ ప్లేటు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కొంచెం ఉప్పెక్కువైంది" అన్నాడు మా ఆయన.

ఈ డిపో మొత్తంలో ఈయనదంత శుభ్రమైన నాలిక ఇంకెవరికీ లేదు. నాకోసమే అలా అయింది. గుండిగలో ఇంకో పది బంగాళాదుంపలు వేసి, రెండు చెంబుల నీళ్ళు పోశాను.

"రేపటి నుంచి అయిదున్నరకి ఇక్కడికి రా. కొట్టు ఎనిమిదికి కదా తెరిచేది" అన్నాను.

సరేనన్నాడు. తర్వాత మెల్లగా, ఉప్పు డబ్బా ఎక్కడ పెడతావు, దానికి తాళం ఉందా అని అడిగాడు.